కుప్ప వేడి

సోమవారం పొద్దున నర్సమ్మ పాత దినపత్రికలో చుట్టి తెచ్చిన టమాటా మొక్కను కుప్పాయన జల్లెడ మీద పడుకోబెట్టింది. కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పింది. ఆమె ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గానీ చేతుల్లోంచి ఆ పని పోలేదు.

"చూడు. ఇది మొక్కా, మూర్ఛరోగా?"

కుప్పాయన వంగి చూశాడు. కింది ఆకులు బాగానే ఉన్నాయి. పై చిగురు మాత్రం పిడికిలి బిగించినట్టు లోపలికి ముడుచుకుంది. కాడ తాడులా మెలి తిరిగింది. వేళ్ళ దగ్గర వాసన చూశాడు. ఆకు తిరగేసి పురుగు కోసం వెతికాడు. పురుగు లేదు.

"నీళ్ళెక్కువయ్యాయేమో."

"నలభై ఏళ్ళు మనుషులకి మందు కొలిచి పోశాను. మొక్కకి నీళ్ళు కొలవడం చేతకాదా నాకు?"

"పోనీ, ఎండ..."

"ఎండ అన్ని మళ్ళ మీదా ఒకేలా కాస్తుంది. నీ ఎరువు వేసిన మళ్ళే ఇలా అయ్యాయి." ఆమె గొంతు పెంచలేదు. "నిన్ను చూసి వేశాను. బస్తా మీద రాత చూసి కాదు."

మొక్కను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళు మళ్ళీ వస్తారు.

ఇళ్ళ తోటలు చూసిపెట్టడం ఆ కంపెనీ పని. గడ్డి కొయ్యడం, కొమ్మలు కత్తిరించడం, రాలిన ఆకు ఊడ్చి తేవడం. తెచ్చిందంతా షెడ్డు వెనక పోస్తే కుప్పాయన దాన్ని ఎరువు చేస్తాడు. ఆ ఎరువు బస్తాల్లో మళ్ళీ అవే ఇళ్ళకి పోతుంది. బస్తా మీద "మీ తోట ఆకు మీ తోటకే" అని పచ్చ అక్షరాలు. ఆ మాట రాయించింది మేనేజరు, చేసేది కుప్పాయన. రాయించినవాడికి కుర్చీ, చేసేవాడికి నడుంనొప్పి. లోకంలో ఏ పనికైనా పంపకం ఇదే.

వెనక స్థలంలో మూడు కుప్పలుండేవి. ఒకటి పచ్చిది, ఒకటి మగ్గుతున్నది, ఒకటి పండింది. పచ్చగడ్డి ఒక పొర, ఎండాకు రెండు పొరలు, మిషన్లో నలిగిన కొమ్మలు ఒక పొర. వారానికోసారి నాలుగు పళ్ళ పారతో లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగెయ్యాలి. గుప్పెడు తీసి పిండితే రెండు చుక్కలు రాలాలి. మూడో చుక్క రాలిందంటే తడి ఎక్కువని ఎండాకు కలుపుతాడు. కుప్ప నడుమ ఒక ఇనపకడ్డీ ఎప్పుడూ గుచ్చి ఉంటుంది. దాన్ని లాగి మణికట్టు లోపలివైపు ఆనించుకుంటాడు. పది లెక్కపెట్టేలోపు చెయ్యి వెనక్కి లాక్కోవలసి వస్తే కుప్ప పనిచేస్తున్నట్టు. ఆ చోట చర్మం నల్లబడి మొద్దుబారి ఉండేది. ఒకసారి ఆఫీసువాళ్ళు థర్మామీటరు కొనిస్తామన్నారు. "ఎందుకండీ, నాకేమన్నా జ్వరమా?" అన్నాడు. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. తన చేతిని కాదని గాజుగొట్టాన్ని నమ్మమనడం అతనికి తిట్టుతో సమానం.

పది గంటలకి మేనేజరు పిలిచాడు. కుర్రవాడు. బూట్లకి మన్ను అంటకుండా షెడ్డు గడప మీదే నిలబడి మాట్లాడతాడు.

"పదకొండు ఇళ్ళు, కుప్పాయనా. టమాటా, చిక్కుడు, గులాబీ, అన్నీ మెలికలే. పండకుండా బస్తాలకెత్తావు నువ్వు."

"పచ్చి ఎరువు వేస్తే ఆకు పసుపెక్కుద్ది సార్. ఇలా మెలిపడదు."

"అది కస్టమరుకి చెప్పు. శనివారానికల్లా తప్పెవరిదో కాగితం మీద పెట్టి పైకి పంపాలి. నీదైతే నువ్వు ఇంటికి. కుప్పలన్నీ ఎత్తించేసి చెత్తలో పోయిస్తాం."

"నా కుప్ప పచ్చిదని ఎవరన్నారు?"

"మొక్కలన్నాయి."

పక్కనే లారీ దులుపుకుంటున్న డ్రైవరు ఊరుకోలేకపోయాడు. "అవును మరి. కుప్పాయన ఎరువు తిని మొక్కలన్నీ వంగి దండాలు పెడుతున్నాయట!"

కుప్పాయన వాడివైపు చూడలేదు. మేనేజరుతోనే అన్నాడు. "శనివారం దాకా ఆగండి. నేనూ మొక్కల చేతే చెప్పిస్తా."

*

రంగు డబ్బాలు మూడు దొరికాయి. మేకు పెట్టి అడుగున చిల్లులు కొట్టాడు. మొదటిదాంట్లో గోడ పక్క తవ్విన వట్టి మన్ను. రెండోదాంట్లో పాత ఎరువు. పాలకి తోడు పెట్టినట్టు ప్రతి కొత్త కుప్పలోనూ ఒక గంపెడు కలపడానికి రెండేళ్ళనాటి ఎరువు రెండు బస్తాలు దాచి ఉంచుకున్నాడు, అందులోది. మూడోదాంట్లో ఈ యేటి పండిన కుప్పలోది. నర్సమ్మకి వెళ్ళిందీ అదే. నారుమడిలోంచి ఒకే ఎత్తున్న టమాటా మొక్కలు తొమ్మిది పీకి డబ్బాకి మూడు చొప్పున నాటాడు. డబ్బాల మీద సుద్దతో గీతలు గీశాడు, ఒకటి, రెండు, మూడు.

మరదలు వచ్చేసరికి చేతులు కడుక్కుంటున్నాడు. అతని భార్య చెల్లెలు ఆమె. అక్క పోయాక అతనే మేనేజరుతో చెప్పి పనిలో పెట్టించాడు. మిగతావాళ్ళెవరూ ఒప్పుకోని మందు కొట్టే పని ఆమెకిచ్చారు. వీపున మందు ట్యాంకు, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతులకి మోచేతుల దాకా పసుపు గ్లౌజులు. ట్యాంకు దించి వీపు విరుచుకుంది.

"ఏంటి బావా, కొత్త కాపురం పెడుతున్నావా? గిన్నెలన్నీ పరిచావు."

"పరీక్ష."

"ఈ వయసులోనా! పాసైతే ఏమిస్తారు?"

"ఉన్నది ఊడకుండా ఉంటుంది."

విషయం చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. గ్లౌజులు ఊడదీసి కుళాయి మీద ఆరేసి, మూడో డబ్బా ముందు గొంతుక్కూర్చుంది.

"నేను అప్పుడే చెప్పాను కదా బావా, ఆ బొమ్మ సంగతి."

కిందటేడు కంపెనీ కొత్త కలుపుమందు తెచ్చింది. గడ్డిని ముట్టుకోదు. గడ్డిలో మొలిచిన ఆకు మొక్కనల్లా చంపుతుంది. ఇళ్ళవాళ్ళకి పచ్చిక తివాచీలా కనబడాలి, కనబడింది. ఆ మందు డబ్బా మీద ఒక బొమ్మ ఉండేది. ఎరువుకుప్ప, దాని మీద ఎర్రగా అడ్డగీతలు. మరదలికి చదువు అంతంత మాత్రం గానీ బొమ్మ చదవడానికి చదువెందుకు? ఖాళీ డబ్బా పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. "బావా, మందు కొట్టిన గడ్డి కుప్పలో వెయ్యొద్దనేమో ఇది. వేరుగా పోయిద్దామా?" అంది. అతను కడ్డీ లాగి ఆమె మణికట్టుకి ఆనించాడు. ఆమె కెవ్వుమంది. "ఈ వేడికి బతికే మందుంటే తీసుకురా, చూస్తా" అన్నాడు.

"నువ్వు బొమ్మలకి బెదిరే రకం" అన్నాడు ఇప్పుడు కూడా. "కలుపు గింజలే ఉడికిపోతాయి లోపల. నీళ్ళలాంటి మందెంత?"

"ఉడికితే మంచిదే." లేచి మోకాళ్ళు దులుపుకుంది. అతని చేతుల వైపు చూసింది. గోళ్ళ చుట్టూ చీలికలు, వాటిలో నల్లటి మన్ను. "గ్లౌజులు చిరిగి నెలయింది కదా. ఆఫీసులో అడగొచ్చుగా? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"నీకు రాలినవి చాలు."

ఆమె పకపకా నవ్వి ట్యాంకు కడగడానికి పోయింది. ఆ నవ్వు అక్కదే. అందుకే అతను ఆమెను ఎక్కువసేపు నవ్వనిచ్చేవాడు కాదు.

*

మంగళవారం తొమ్మిది మొక్కలూ తలలు వాల్చాయి. నాటిన మర్నాడు ఏ మొక్కయినా అంతే. బుధవారం తొమ్మిదీ తలలెత్తాయి. కుప్పాయన ఒకే గ్లాసుతో కొలిచి నీళ్ళు పోశాడు, డబ్బాకి అర గ్లాసు. ఎండ జరిగినప్పుడల్లా మూడింటినీ కలిపి జరిపాడు. ఒకదానికి ఎక్కువ చేశాడని రేపెవడూ అనకూడదు.

ఆ రెండు రోజులూ బస్తాలు కదల్లేదు. ఇళ్ళ నుంచి ఎరువు వెనక్కి రావడం మొదలైంది. విప్పిన బస్తాలు, సగం వాడినవి, మూతి కూడా విప్పనివి. డ్రైవరు వాటిని షెడ్డు ముందే పడేసి పోతున్నాడు. ఏ బస్తా మూతి విప్పి చూసినా లోపల నల్లగా, పొడిపొడిగా, వాన పడిన మన్ను వాసన. వేళ్ళ మధ్య నలిపితే చారెడు తేయాకులా రాలేది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. కూతురు ఎంత అందంగా ఉన్నా కాపురం చెయ్యకుండా తిరిగొస్తే తండ్రి అందం చూసుకుని మురుస్తాడా? ఒక్కొక్క బస్తా భుజానికెత్తుకుని వెనక్కి మోశాడు. ఎవరూ సాయం రాలేదు. అతనూ పిలవలేదు.

గురువారం మధ్యాహ్నం తిండి ముగించుకుని డబ్బాల ముందు కూర్చున్నాడు. ఒకటీ రెండూ కొత్త చిగురు వేశాయి. మూడోదీ వేసింది. మూడోదాని చిగురు కొంచెం లోపలికి తిరిగి ఉంది. ఎండ అనుకున్నాడు. నీడలోకి జరిపాడు. జరిపాక గుర్తొచ్చి మిగతా రెంటినీ కూడా జరిపాడు.

శుక్రవారం పొద్దున ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. మూడో డబ్బాలో మూడు మొక్కలకీ చిగురు పిడికిలి బిగిసింది. కాడలు పక్కకి మెలి తిరిగాయి. నర్సమ్మ జల్లెడ మీద పడుకోబెట్టిన మొక్కే, ఇంకా చిన్నప్పుడు.

మగ్గుతున్న కుప్ప దగ్గరికి వెళ్ళి కడ్డీ లాగి మణికట్టుకి పెట్టుకున్నాడు. నాలుగు లెక్కపెట్టేసరికి చురుక్కుమంది. వేడి ఉంది. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. గింజల్ని చంపింది, పురుగుల్ని చంపింది, కుళ్ళు వాసనని చంపింది. మందు దాని జోలికి పోలేదు, అది మందు జోలికి పోలేదు. ఏడాది పాటు రెండూ ఒకే పక్క మీద పడుకున్నాయి. దుప్పటి కప్పింది తను.

నారుమడి ఇరవై అడుగుల దూరంలో ఉంది. అదే ఎత్తు మొక్కలు ఇంకా అందులో ఉన్నాయి. మూడు పీకి మూడో డబ్బాలో గుచ్చితే రేపు మేనేజరు ముందు తొమ్మిదీ నిటారుగా నిలబడతాయి. కుప్పాయన లేచి అక్కడిదాకా వెళ్ళాడు. వంగాడు. ఒక మొక్క మొదట్లో వేలు కూడా పెట్టాడు. అక్కడే కాసేపు ఉండి, ఉత్త చేతులతో వెనక్కి వచ్చాడు. నిజాయితీ అనుకోవడానికి లేదు. కుప్ప విషయంలో అబద్ధం ఆడడం అతనికి ఎన్నడూ అలవాటు లేదు, అంతే. మనుషుల విషయం వేరు.

సాయంత్రం మరదలు ట్యాంకు దించుతూ డబ్బాలు చూసింది. చాలాసేపు చూసింది. నేనప్పుడే చెప్పాను అంటుందని అతను వీపు బిగించుకుని కూర్చున్నాడు.

"పోనీలే బావా" అంది. "తెలిసింది కదా. రేపు ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. ఇక మీదట ఆ గడ్డి వేరుగా పోద్దాం."

అతను తల ఊపాడు.

*

శనివారం మేనేజరు బల్ల మీద దినపత్రిక పరిచి డబ్బాలు మూడూ వరసగా పెట్టాడు కుప్పాయన. వట్టి మన్ను, పాత ఎరువు, కొత్త ఎరువు అని వేలితో చూపించాడు. మేనేజరు ఫోనుతో మూడు ఫొటోలు తీశాడు. కుర్రాడే గానీ బుర్ర లేనివాడు కాదు.

"పాత ఎరువులో బాగున్నాయి. అంటే నువ్వు చేసే పద్ధతిలో తప్పు లేదు. తేడా ఎక్కడొచ్చింది?"

"కిందటేడు మీరు తెచ్చిన మందు సార్. గడ్డితో పాటు కుప్పలోకి వచ్చింది. వేడికి పోలేదు."

"కంపెనీ తెచ్చింది" అని సరిదిద్దాడు మేనేజరు. కుర్చీలో వెనక్కి వాలాడు. మొహం తేటపడింది. వారం రోజులుగా వెతుకుతున్న తాళంచెవి దొరికినవాడిలా ఉన్నాడు. "మరి మందు డబ్బా మీద రాసే ఉంటుంది కదా, ఆ గడ్డి ఎరువుకి పనికిరాదని."

"బొమ్మ ఉంది."

"డబ్బా ఎవరి చేతిలో ఉంటుంది?"

కుప్పాయన మూడో డబ్బాను బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు.

"మందు కొట్టేవాళ్ళ చేతిలో. నువ్వు ఇక్కడ వెనక ఉంటావు. నీకెలా తెలుస్తుంది? వాళ్ళే వచ్చి చెప్పాలి, ఈ గడ్డి వేరుగా పెట్టు అని." కాగితం దగ్గరికి లాక్కుని కలం మూత తీశాడు. "మీ మరదలు నీకు చెప్పిందా?"

తలమీద ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి మూడు డబ్బాల్లోనూ ఆకులు కదిలాయి. మెలిపడ్డవి కూడా కదిలాయి. కుప్పాయన వాటినే చూశాడు. చెప్పింది అంటే ఒక మాట. ఆ మాట వెనకే ఇంకొకటి రావాలి, నేనే వినలేదు అని. ముప్ఫయ్యేళ్ళుగా ఆ వెనక స్థలంలో తను అన్నదే వేదం. కడ్డీ తన చేతికి చెప్పిందే సాక్ష్యం.

"చెప్పలేదు."

"ఏంటి?"

"చెప్పలేదండీ."

మేనేజరు రాసుకున్నాడు. "నీ బంధువని దాచకుండా చెప్పావు. మంచిది." కలం మూత పెట్టాడు. "పాత కుప్పలన్నీ సోమవారం లారీ కెత్తిద్దాం. మందు మానడానికి లేదు, పచ్చిక నున్నగా లేకపోతే ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. ఇక నుంచి గడ్డి నేరుగా చెత్తలోకి. నువ్వు ఆకు మటుకు చెయ్. చాలకపోతే బయట ఎరువు కొని మన బస్తాల్లో నింపుదాం."

"బస్తా మీద మాట..."

"ఏ మాట?"

కుప్పాయన డబ్బాలు తీసుకుని వచ్చేశాడు.

*

సోమవారం పొద్దున్నే లారీ వచ్చింది. పండిన కుప్ప ముందు పోయింది. డ్రైవరు ఈసారి ఎకసక్కెం ఆడలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. షెడ్డంతా తెలిసిపోయిందన్నమాట. మగ్గుతున్న కుప్ప మధ్యాహ్నానికని వదిలేసి లారీ కదిలింది. కుప్ప ఉన్నచోట నేల నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతూ ఉంది.

మరదలు ఇంటి బట్టల్లో వచ్చింది. ట్యాంకు, బూట్లు ఆఫీసులో అప్పజెప్పి వెనక్కి నడిచి వచ్చింది. చేతిలో తిండి డబ్బా పెట్టుకునే గుడ్డసంచీ ఒక్కటే.

అతను పార ఆపలేదు. ఆమె కుప్పకి అవతల నిలబడింది.

"నాకు చదివి వినిపించాడు బావా. బావగారే చెప్పారమ్మా అన్నాడు. రెండుసార్లు అడిగాడట."

"నీకు ఇంకెక్కడైనా..." అన్నాడు.

"దొరుకుద్ది. దొరక్కేం? పదకొండు తోటలు పాడు చేసిందని రాసిన కాగితం ఉందిగా చేతిలో." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "పని పోయినందుకు కాదు బావా. అక్కకి జ్వరం వచ్చినప్పుడూ ఇంతే. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశావు. ఏం లేదు, తెల్లారేసరికి తగ్గుద్ది అన్నావు. ఆసుపత్రికి తీసుకెళ్దాం బావా అని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. తరవాత వచ్చిన వాళ్ళందరికీ ఏం చెప్పావు? ఎవరైనా ఒక్కమాట అని ఉంటే తీసుకెళ్ళేవాణ్ణి అన్నావు."

పార ఆగింది.

"అప్పుడు నేను ఊరుకున్నాను. పెళ్ళాం పోయినవాడు, ఏదో ఒకటి అనుకుని బతకనీ అనుకున్నాను. అదీ తప్పేనేమో."

అతని మొహం వైపు ఇంకొకసారి చూసింది. ఏదో దొరుకుతుందని చూసి, దొరక్క, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గేటు దాకా తల తిప్పలేదు.

కుప్పాయన పార కుప్పలో గుచ్చి ఆఫీసు వైపు నడిచాడు. షెడ్డు దాటాడు. మెట్టు దగ్గర కాళ్ళకున్న మన్ను రాచుకున్నాడు. చెప్పింది సార్, నేనే వినలేదు. నాలుగే మాటలు. దారి పొడుగునా వాటినే నములుకుంటూ వచ్చాడు. తలుపు తోశాడు.

మేనేజరు తలెత్తాడు. "ఏంటి కుప్పాయనా?"

బల్ల మీద దినపత్రిక ఇంకా అలాగే పరిచి ఉంది. దాని మీద డబ్బాల అడుగు తడి మూడు గుండ్రాలుగా ఆరి ఉంది.

"సార్..."

"చెప్పు, ఫోను రావాలి నాకు."

కుప్పాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "గ్లౌజులు" అన్నాడు. "నావి చిరిగి నెలయింది."

"ఓ, అంతేనా." మేనేజరు వేలితో కిటికీలోంచి చూపించాడు. "కుళాయి మీద ఆవిడవి ఉన్నాయిగా. బాగానే ఉన్నాయి. తీసుకో."

పసుపు గ్లౌజులు శనివారం నుంచి సోమవారం దాకా ఎండకి ఎండి చేతుల ఆకారంలోనే బిగుసుకుని ఉన్నాయి. లాగి తొడుక్కున్నాడు. అతని చేతులకి చిన్నవి. వేళ్ళు చివరిదాకా పోలేదు. ఆఫీసు కిటికీ ఇటే ఉంది గనక తియ్యలేదు.

మగ్గుతున్న కుప్ప దగ్గరికి వెళ్ళి అలవాటుగా కడ్డీ లాగాడు. మణికట్టుకి ఆనించి లెక్కపెట్టాడు. పది అయింది. ఇరవై అయింది. దళసరి రబ్బరు. లోపలికి ఏమీ తెలియలేదు. ముప్ఫై దాకా లెక్కపెట్టి, కుప్ప వేడిగా ఉందో చల్లారిందో తేలక, కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.